గీత బయట నా గొంతు

మాది ఆళ్ళగడ్డ. ఏ వీధిలోకి వెళ్ళినా రాతి మీద ఉలి చప్పుడు వినిపించే ఊరు. అందుకే కాబోలు, నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రవాడు ఇవాళ పెద్ద మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడని తెలిసిన వాళ్ళంతా ఒకటే మాట అంటారు: "రాయిని బొమ్మగా చెక్కినారు సార్." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాయి అలగదు. తిండి మానేయదు. నిలబెట్టిన చోట నిలబడుతుంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ వేగింది పిల్లలతో. పైగా ఈ కుర్రవాడి విషయంలో ఉలి నా చేతిలో ఉందని నాకైతే నమ్మకం లేదు.

నేను ఆళ్ళగడ్డలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చాలాకాలం పనిచేసి, చివరి సంవత్సరాల్లో నంద్యాలలో ఫుట్‌బాల్ కోచ్‌గా ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇంటికి వస్తుంటారు. వాళ్ళకు కావలసింది కొత్త కొత్త వ్యాయామాలు, ఫోన్లో చూసిన విదేశీ పద్ధతులు. అవి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిదాన్ని ఒక్కదాన్ని చెబుదామని ఇది రాస్తున్నాను. కోచ్‌కు ఓపిక ఉండాలని అందరూ అంటారు కదా, ఆ ఓపిక శరీరంలో ఏ భాగంలో ఉండాలో ఎవరూ చెప్పరు.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. నేను గ్రౌండులో అరిస్తే బస్టాండులో డ్రైవర్లు బ్రేకు వేసేవారని మా టీచర్లు ఎగతాళి చేసేవారు. మైకు లేని రోజుల్లో స్కూల్లో జెండా పండుగకు నన్నే పిలిచేవాళ్ళు. ఆట జరుగుతున్నంతసేపూ నేను సున్నం గీత పక్కనే పరుగెత్తుతూ, ప్రతి ఆటగాడికీ ప్రతి అడుగూ చెబుతూ ఉండేవాణ్ణి. అదే కోచింగ్ అనుకునేవాణ్ణి. మా జట్లు గెలిచేవి కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ కుర్రవాణ్ణి నేను మొదట చూసింది ఫుట్‌బాల్ ఆటలో కాదు. దొర్నిపాడు వైపు ఒక ఊరి తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు పెట్టారు. మా ప్రాంతంలో ఎద్దుల జతకు పెద్ద బండను కట్టి లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళదే గెలుపు. ఒక జత పక్కన హైస్కూలు వయసు పిల్లవాడు ఒకడు కాళ్ళకు చెప్పులు లేకుండా, లుంగీ ఎగ్గట్టి, ఎద్దులతో సమానంగా పరుగెత్తుతున్నాడు. జత మలుపు తిరగగానే బండ మీదుగా అవతలికి దూకి, దాపటి ఎద్దు పక్కకు, అంటే ఎడమ వైపున్న దాని పక్కకు చేరాడు. అంత దుమ్ములో అడుగు తడబడలేదు. మెడనరాలు ఉబ్బేలా ఎద్దులను అదిలిస్తున్నాడు. నేను మాత్రం వాడి కాళ్ళే చూశాను. ఆ కాళ్ళను ఇంటికి తెచ్చుకోవాలనిపించింది.

ఎద్దులు వాళ్ళ నాయనవే. ఆ రైతును పట్టుకుని, పిల్లవాణ్ణి మా స్కూల్లో చేర్చమని అడిగాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"బంతి తంతే ఏమొస్తాది సార్?" అన్నాడు.

"బండ లాగితే ఏమొస్తాదప్పా?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ ఏడాదే పిల్లవాడు ఆళ్ళగడ్డ హాస్టల్‌కు వచ్చాడు.

వాడితో నా పని చాలా తేలికగా సాగింది. పరుగెత్తరా అంటే పరుగెత్తేవాడు. తిరగరా అంటే తిరిగేవాడు. కొట్టరా అని నేను అరిచిన క్షణానికి బంతి గోల్లో ఉండేది. చెప్పిన మాటకు ఇంత వేగంగా కదిలే ఆటగాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. నేను నంద్యాలకు మారినప్పుడు వాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ చుట్టుపక్కల మేం ఆడని టోర్నమెంటు లేదు, తేని కప్పు లేదు. గడివేములలో ఒకసారి గెలిచాక ఊరివాళ్ళు వాడితోపాటు నన్నూ భుజాలకెత్తుకున్నారు. నేను బరువు, మధ్యలో దించేశారు. ఆఖరికి బెంగుళూరు క్లబ్బు ఒకటి వాణ్ణి ఒక సీజనుకు ఒప్పందం మీద తీసుకుంది. జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడడానికి మా వైపు నుంచి వెళ్ళింది నేనెరిగినంతలో వాడొక్కడే. వాణ్ణి బస్సెక్కించిన రోజు, మీసాలు నెరిసిన వయసులో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సీజను అయిపోయాక వాడు మా ఇంటికి వచ్చాడు. జుట్టు కొత్తరకంగా కత్తిరించుకున్నాడు గానీ, గడప దగ్గర పాత అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా, ఎన్ని ఆటలు ఆడించినారు?" అన్నాను.

"కూచోబెట్టినారు సార్."

"ఎందుకు?"

"తెల్దు సార్. ఆడ ఎవురూ ఏం చెప్పరు. కోచ్ ఆట ముందర నిమ్మళంగా నాలుగు మాటలు చెప్తాడు, అంతే. తర్వాత చేతులు కట్టుకొని నిలబడతాడు. దిగినాక ఏం జేయాల్నో తెలీక నిలబడిపోతాండా."

మర్నాడు ఆ కోచ్ నాకు ఫోన్ చేశాడు. మర్యాదస్థుడు. కుర్రవాడి కాళ్ళు బంగారమన్నాడు. కానీ ఎవరైనా చెప్పేదాకా కదలడనీ, పెద్ద మైదానంలో జనం గోలలో కోచ్ మాట పది గజాలు కూడా పోదనీ అన్నాడు. కొత్త సీజనుకు ముందు తమ మనిషి నంద్యాలకు వచ్చి ఒక ఆట చూస్తాడు. అప్పుడూ ఇలాగే ఉంటే ఒప్పందం పొడిగించరు.

వాడి నాయనకు కూడా ఈ సంగతి చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సరే సార్. వాళ్ళు వద్దంటే బనగానపల్లె కాడ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో వాని మామ ఉండాడు. పాలిష్ మిషను కాడ నిలబడే పని. వాని కాళ్ళతో ఆడ పనుండదు," అన్నాడు.

ఆ చివరి మాట నాకు చాలా రోజులు చెవిలో తిరిగింది.

అంతవరకూ నాకు తెలిసిన మందు ఒకటే: ఇంకా గట్టిగా అరవడం. మర్నాటి నుంచి అదే మొదలుపెట్టాను. "బుర్ర వాడరా! నీ అంతట నువ్వు ఆలోచించరా!" అని గీత పక్కన గొంతు చించుకున్నాను. ఆలోచించమని నేను అరిచినప్పుడల్లా వాడు ఠక్కున ఆగి, ఏం ఆలోచించమంటారా అన్నట్టు నా వైపు చూసేవాడు.

ఇక్కడ మా మేడమ్ గురించి చెప్పాలి. ఆవిడ నంద్యాలలో నాతోపాటు కోచింగ్ చూసేది. ఒకప్పుడు హాకీ ఆడింది. హాకీ మనిషికి ఫుట్‌బాల్ ఏం తెలుసని నాకు లోపల చిన్నచూపు ఉండేది, పైకి అనేవాణ్ణి కాదు. ఆదివారాలు వాళ్ళ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆవిడ గొంతు ఎత్తగా నేను ఎన్నడూ వినలేదు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక, నేను వేడినీళ్ళు పుక్కిలిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నా, ఒక మాట చెప్తా. కోపం చేసుకోవద్దు."

"చెప్పమ్మా. కోపం చేసుకోను," అన్నాను. అప్పటికే వస్తోంది.

"వాడు నిన్ను ఆడతాండాడన్నా, ఆటను ఆడడం లేదు. నువ్వు కేకేస్తే ఉరుకుతాండాడు, నువ్వు గుక్క తిప్పుకుంటే నిలబడతాండాడు. బెంగుళూరులో నువ్వు యాడ ఉంటావ్?"

నేను చెంబు కింద పెట్టాను. ఆవిడ అదే గొంతుతో కొనసాగించింది.

"చర్చిలో పిల్లలతో కలిసి నేనూ పాడితే బ్రహ్మాండంగా పాడతారు. నేను ఆపినానంటే ఒక్కరికీ శ్రుతి నిలవదు. ఎందుకంటే వాళ్ళు నా గొంతు మీద ఆనుకొని పాడతాంటారు. అందుకే మధ్యలోనే నోరు మూసుకుంటా. కొన్నాళ్ళు వినలేం. తర్వాత వాళ్ళ పాట వస్తాది."

"అంటే నన్ను నోరు మూసుకోమంటావు."

"అవునన్నా," అంది ఆవిడ. ఇంత మెత్తగా నన్ను నోరు మూసుకోమన్న మనిషి మా ఇంట్లో కూడా లేదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారాక ఆలోచిస్తే ఆవిడ మాటలో తప్పు దొరకలేదు. ఒప్పుకున్నాను.

మేడమ్ పద్ధతి ఇది. ప్రాక్టీసు ఆటలో గీత బయట ఎవరూ మాట్లాడకూడదు. లోపల మాత్రం ఆటగాళ్ళు మాట్లాడుకోవాలి. ఇక మావాణ్ణి ముందు వరుస నుంచి తీసి, అందరికన్నా వెనక, గోల్‌కీపర్‌కు ముందు నిలబెట్టింది. వెనక నిలబడితే మైదానమంతా కళ్ళముందు ఉంటుంది. ఎవడు ఖాళీగా ఉన్నాడో, ఎటు ప్రమాదం వస్తోందో చూసి తనవాళ్ళకు చెప్పడం అక్కడివాడి పని.

వాడికి తల కొట్టేసినట్టయింది. నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్ ఇది? గోల్ ఆడుంటే నన్ను ఈడ నిలబెట్టినారు? బెంగుళూరు సారు వచ్చి చూస్తే డిఫెండరనుకుంటాడు."

"మేడమ్‌ను అడుగు," అన్నాను.

"మీరు చెప్పండి సార్."

నాకు చెప్పాలనే ఉంది. నాలుక చివర దాకా వచ్చింది. తల అడ్డంగా ఊపి షూ లేసులు కట్టుకున్నాను. వాడు అలిగి రెండు పూటలు ప్రాక్టీసుకు రాలేదు. మేడమ్ మాత్రం వాడి జాగా ఖాళీగానే ఉంచి, తక్కువ మందితో ఆడించింది. వచ్చినప్పుడు ఎందుకు రాలేదని కూడా అడగలేదు. "నీ జాగాలోకి పో నాయనా," అంది. అంతే. నేనైతే గ్రౌండు చుట్టూ పరుగెత్తించి ఉందును.

ఆ వేసవి నాకు చాలా కష్టంగా గడిచింది. బఠాణీలు కొని జేబులో పోసుకుని, అరవబుద్ధి అయినప్పుడల్లా ఒక గుప్పెడు నోట్లో వేసుకునేవాణ్ణి. ఇంట్లో మాత్రం, ఊళ్ళో మీ గొంతు వినపడక ఎంత హాయిగా ఉందో అని మా ఆవిడ సంబరపడింది. లోపల ఆటనైతే చూడలేకపోయేవాణ్ణి. మావాడు వెనక నిలబడి అన్నీ చూసేవాడు గానీ నోరు విప్పేవాడు కాదు. చెయ్యి చూపేవాడు, ఎవరూ చూసేవారు కాదు. బంతి వాడి పక్కనుంచే గోల్లోకి పోయేది. నేను మేడమ్ వైపు చూసేవాణ్ణి. ఆవిడ ఆటనే చూస్తుండేది.

"ఇట్లయితే వాడు ఫ్యాక్టరీకే పోతాడమ్మా," అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"పోవచ్చన్నా," అంది. "మనం అరిచి ఆపితే మాత్రం కచ్చితంగా పోతాడు."

ఆట ఇంకో వారం ఉందనగా ఆవిడ వాణ్ణి మళ్ళీ ముందుకు పంపింది. నేను గమనించిన మార్పు ఒక్కటే. బంతి రాకముందు వాడి తల రెండు వైపులకూ తిరుగుతోంది. ఇదివరకు ఒకవైపే తిరిగేది, నావైపు. అంతకుమించి ఏమీ లేదు. గొంతు మాత్రం ఇంకా రాలేదు.

బెంగుళూరు మనిషి వచ్చిన రోజు నంద్యాలలో ఎండ పెళపెళలాడుతోంది. కర్నూలు జట్టుతో ఆట పెట్టాం. ఆయన టోపీ పెట్టుకుని నీడలో కుర్చీ వేసుకున్నాడు. వాడి నాయన ఊరినుంచి వచ్చాడు, భుజాన తువ్వాలుతో. నేను గీత పక్కకు వెళ్ళనని మేడమ్‌కు మాట ఇచ్చాను కాబట్టి, ఆయన్ను తీసుకుని జనంలో పై మెట్టు మీద కూర్చున్నాను. జేబునిండా బఠాణీలు ఉన్నాయి.

మొదటి సగం చెప్పుకోవడానికి ఏమీ లేదు. మావాడు రెండు మూడుసార్లు బాగా పరుగెత్తాడు, తర్వాత ఆగిపోయాడు. గీత దగ్గర నేనెప్పుడూ నిలబడే చోటు వైపు చూశాడు. అక్కడ నీళ్ళ బకెట్టు ఒకటే ఉంది. కాసేపటికి మళ్ళీ చూశాడు. కర్నూలు వాళ్ళు ఒక గోలు కొట్టారు. బెంగుళూరు మనిషి ఫోన్ తీసి ఏదో చూసుకోవడం మొదలుపెట్టాడు.

నాయన నా మోచెయ్యి పొడిచాడు.

"ఏం సార్, బఠాణీలు నములుతాండారు? ఒక్క కేకేస్తే ఐపోయె గదా! వాడు మీ కోసరమే సూస్తాండాడు!"

"కూచోప్పా."

"మీరెయ్యకుంటే నేనేస్తా!" అని లేచి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. పోటీల్లో ఆయన కేక వేస్తే ఎదుటి జత ఎద్దులు కూడా కదులుతాయని ప్రతీతి. నేను తువ్వాలు పట్టుకుని వెనక్కి లాగాను. మనిషి ధబ్బుమని నా ఒళ్ళో పడ్డాడు. చుట్టూ జనం నవ్వారు. విరామంలో నేను కిందికి దిగబోతే, మేడమ్ ఆటగాళ్ళ మధ్య నుంచే నా వైపు చూసి అరచెయ్యి చూపింది. కూర్చున్నాను.

రెండో సగంలో కొంతసేపటికి, మా ఎడమవైపు ఆడే చిన్నవాడు బంతితో ముగ్గురి మధ్య చిక్కుకున్నాడు. మావాడికి అవతల ఖాళీ ఉంది. వాడు ఆ ఖాళీని చూశాడు. చెయ్యి ఎత్తాడు. చిన్నవాడు తల ఎత్తలేదు, బంతి పోయింది. మావాడు తొడ మీద చరుచుకుని, గీత వైపు ఇంకొక్కసారి చూశాడు. బకెట్టును చాలాసేపు చూశాడనిపించింది నాకు. తర్వాత ఆ వైపుకు వీపు తిప్పేశాడు.

మళ్ళీ బంతి చిన్నవాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది. అప్పుడు వినిపించింది ఆ కేక.

"దాపటికీ! ఒరేయ్, దాపటికీ! లాగు, లాగూ... ఇడువు ఇంక!"

మైదానం అవతలి గోడకు తగిలి వెనక్కి వచ్చిందా గొంతు. చిన్నవాడు ఉలిక్కిపడి బంతిని ఎడమకు లాగి, వదిలాడు. మావాడు అందుకున్నాడు. ఇద్దరు డిఫెండర్లు వాడి మీదికి వచ్చారు. ఇదివరకైతే వాళ్ళ మధ్యనుంచే తోసుకుపోయేవాడు. ఈసారి వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా ఆగి, వలపటివాణ్ణి, అంటే కుడివైపువాణ్ణి, అదే గొంతుతో పిలిచి బంతి అటు తోశాడు. ఆ వలపటివాడు గోలు కొట్టాడు.

నాయన నా భుజం పట్టుకుని ఊపేస్తూ నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "సూడు సార్, సూడు! పిల్లోల్లను ఎద్దులనుకుంటాండాడు వీడు!"

నాకు అప్పుడు గాని ఆ తిరునాళ్ళ రోజు సరిగ్గా గుర్తుకు రాలేదు. ఆ దుమ్ములో వాడు పరుగెత్తడమే కాదు, జతను నడిపించాడు. ఏ ఎద్దు వెనకబడుతోందో చూసి, ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో గొంతుతో చెప్పింది వాడే. నేను కాళ్ళు చూసి మురిసిపోయి, ఎద్దులను తోలేవాణ్ణి తెచ్చి ఇన్నేళ్ళూ ఎద్దును చేసి తోలాను. వాడి గొంతు వాడికి తిరిగి రావాలంటే నా గొంతు అడ్డు తొలగాలని కనిపెట్టింది మేడమ్. దాన్ని నలుగురిలో బయటికి తీసింది మాత్రం వాడే, అదీ కొలువు ఉంటుందో పోతుందో తేలే రోజున. ఆ ధైర్యాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు వాడి మీద గౌరవం పెరుగుతుంది. ఆ వయసులో నాకు అంత ధైర్యం లేదు.

తర్వాత వాడు ఆపలేదు. ఆట అయ్యేదాకా మా కుర్రాళ్ళందరినీ అదిలిస్తూనే ఉన్నాడు. గెలవలేదు, చివర్లో కర్నూలు వాళ్ళు ఇంకొకటి కొట్టారు. మావాడు ఒక్క గోలూ కొట్టలేదు. బెంగుళూరు మనిషి ఫోన్ ఎప్పుడు జేబులో పెట్టాడో నేను చూడలేదు. ఆట అయ్యాక కుర్చీ మడిచి మేడమ్‌కు ఇస్తూ, కన్నడం కలిసిన తెలుగులో, "ఈ హుడుగను, ఈ పిల్లవాణ్ణి, సోమవారం మాకు పంపండి. మా స్టేడియం కూడా వీడి గొంతుకు సాలదు," అన్నాడు. మేడమ్ సరేనండి అని ఎప్పటి గొంతుతోనే అంది. ఆయన అటు తిరగగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేనూ నాయనా మెట్లు దిగి వచ్చేసరికి కుర్రాళ్ళంతా బకెట్టు చుట్టూ మూగి ఉన్నారు. మావాడు మాకు వీపు పెట్టి నిలబడి, తల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయింది. మేడమ్ సోమవారం సంగతి చెప్పినట్టుంది, వాడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను వాడి వెనక రెండడుగుల దూరంలో ఆగాను. పేరు పెట్టి పిలవబోయి, అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టాను. బఠాణీలు అయిపోయాయి.

వాడు మొహం తుడుచుకుంటూ మేడమ్‌ను అడిగాడు:

"అమ్మా, సార్ యాడమ్మా? ఈపొద్దు ఆటకు రానేలేదా?"